ఉల్టా బొమ్మ

"బట్టలు గట్ల ఉల్టా ఆరేస్తవేందే పిల్లా? ఇంట్ల పీనుగ లేసిందా ఏంది?"

అత్త అరుణమ్మ ఈ మాట అనడం కొత్త కాదు. మంజులత కోడలిగా కట్టంగూర్ వచ్చిన మర్నాడే అన్నది, డాబా మీద దండెం దగ్గర చూసినప్పుడల్లా ఇప్పటికీ అంటుంది. నల్లగొండ ఎండ సంగతి తెలిసినవాళ్లెవరైనా బట్టను లోపలివైపు బయటికి తిప్పే ఆరేస్తారు. లేకపోతే కొత్త చీర కూడా ఒక్క ఎండాకాలంలోనే పాతగుడ్డ రంగుకొస్తుంది. దేవరకొండలో తల్లి భద్రమ్మ నేర్పిన పద్ధతి అది. అరుణమ్మ లెక్కలో మాత్రం తిరగేసిన బట్ట అపశకునం, చావింటి గుర్తు. మంజులత, అత్త చూస్తుండగా చొక్కాలన్నీ సీదా చేస్తుంది, ఆమె మెట్లు దిగగానే ఒక్కొక్కటి మళ్లీ తిప్పి క్లిప్పు పెడుతుంది. ఒక పనికి మూడు పనులు. పెళ్లయిన నాటినుంచి ఇదే తంతు.

ఆ ఇంట్లో ఉల్టా అనే మాట మీద హక్కంతా మంజులతదే. ఎడమచేత్తో గంటె పట్టిందా, ఉల్టా చెయ్యి. పోపు చివర పెట్టిందా, ఉల్టా వంట. అడిగినదానికి కారణం చెప్పిందా, ఉల్టా జవాబు. "మా మంజులకు అన్నీ ఉల్టానే" అని వచ్చిన చుట్టాల ముందర నవ్వుకుంటూ చెబుతాడు భర్త కృష్ణకాంత్. చుట్టాలు నవ్వుతారు. మంజులత కూడా నవ్వుతుంది. నవ్వకపోతే అదొక ఉల్టా అవుతుంది మరి.

కింద హైవే మీదికి కృష్ణకాంత్ షాపు, పైన ఇల్లు. బోరుమోటర్లకు పెట్టే స్టార్టరు డబ్బాలు అమ్ముతాడు. రైతు ఇంట్లో కూర్చుని ఫోను కొడితే పొలం కాడ మోటరు నడుస్తుందే, ఆ డబ్బాలు. ఎవరో చేసినవి తెచ్చి అమ్మితే మనకు పేరేం వస్తుంది, మన బోర్డు మనమే చేద్దామని ఒకనాడు ఆయనకు ఆలోచన పుట్టింది. డబ్బాలో ఉండే ఆ ఆకుపచ్చ బోర్డును ఎవరు గీయాలి? ఇంకెవరు, ఉల్టా చెయ్యి మనిషే. మంజులత నల్లగొండలో డిప్లొమా చదివి, పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో సరిగ్గా ఆ పనే చేసింది. "మా ఆమె లాప్‌టాప్‌ల బొమ్మలు గీస్తది" అని షాపుకొచ్చిన వాళ్లతో చెబుతాడు కృష్ణకాంత్, ముగ్గులు పెడుతుందన్నట్టు. బోర్డు మీద అచ్చయ్యే పేరు మాత్రం ఆయనదే. ఆ పేరు అక్షరాలు కూడా ఆమే పేర్చింది.

ఆ బొమ్మల పనేమిటో కాస్త చెప్పుకోవాలి, లేకపోతే ఆమె భయం మనకు అంతు పట్టదు. బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్‌లో చాలా సామాన్ల బొమ్మలు ముందే తయారుగా ఉంటాయి. అయితే హైదరాబాద్ కోఠి బజారులో దొరికే సామానంతా అందులో ఉండదు. లేనిదాన్ని మనమే పుట్టించుకోవాలి. ఒక్కో సామానుకు రెండు బొమ్మలు గీయాలి. ఏ కాలు, అంటే ఏ పిన్ను, ఏ పని చేస్తుందో చెప్పేది ఒకటి. ఆ కాళ్లు దిగడానికి బోర్డు మీద ఎక్కడెక్కడ రంధ్రాలు పడాలో చెప్పేది ఇంకొకటి. ఈ రెంటినీ కాలుకు కాలు ముడివేయాలి. ముడి తప్పిందనుకోండి, కంప్యూటరు కిక్కురుమనదు. చెప్పింది చెప్పినట్టు గీసిపెడుతుంది. ఆ విషయంలో అది మంచి కోడలు.

ఆనాడు మంజులత పుట్టించాల్సింది ఒక రిలేను. అగ్గిపెట్టెలో సగమంత నీలం డబ్బీ, కింద ఐదు కాళ్లు. రిలే అంటే కరెంటుకు తలుపు. రెండు కాళ్లు బోర్డు ఇచ్చే హుకుం వినడానికి, ఒక కాలు కరెంటు లోపలికి రావడానికి. మిగిలిన రెండు కాళ్లలోనే ఉంది కిటుకంతా. అందులో ఒకటి హుకుం ఉన్నప్పుడే కరెంటును బయటికి వదులుతుంది, రెండోది హుకుం లేనప్పుడు వదులుతుంది. మోటరును కట్టాల్సింది మొదటిదానికి. చూడటానికి రెండూ ఒక్క తీరే, ఇటొకటి అటొకటి.

రిలేతో పాటు కోఠి కొట్టువాళ్లు ఒక జిరాక్సు కాగితం ఇచ్చారు. కాగితం మీద కంపెనీవాళ్లు రిలేను వెల్లకిలా పండబెట్టి, కాళ్లు పైకి ఉన్నట్టు గీశారు. బోర్డు మీద అది బోర్లా కూర్చుంటుంది. అంటే కాగితంలో ఎడమన ఉన్న కాలు బోర్డు మీద కుడికి రావాలి. ఇక్కడ తప్పులు చేసేవాళ్లను మంజులత చాలామందిని చూసింది. అందుకే ఆమెకొక సొంత పద్ధతి ఉంది. చపాతీలకు కలిపిన పిండిముద్దను పీట మీద చదును చేసి, రిలేను దాంట్లోకి నొక్కి తీసింది. ఐదు కాళ్ల అచ్చు పడింది. బోర్డు మీద రంధ్రాలు ఎట్లా ఉండాలో సరిగ్గా అట్లాగే. పక్కనే ఫ్రిజ్ మీద పెట్టుకున్న లాప్‌టాప్‌లో ఆ అచ్చు ప్రకారం గీసి, మళ్లీ కొలిచి చూసుకుని, పెనం పొయ్యి మీద పెట్టింది.

అప్పుడొచ్చాడు కృష్ణకాంత్ భోజనానికి. జిరాక్సు కాగితం చేతిలోకి తీసుకున్నాడు, స్క్రీన్ చూశాడు, మళ్లీ కాగితం చూశాడు.

"గిదేందే? ఉల్టా పెట్టినవ్ గద."

"కాదు, గా కాగితంల అది వెల్లకిల..."

"కంపెనోనికన్న నీకెక్కువ ఎరుకనా?" ఒక్క మీట నొక్కాడు. అద్దంలో చూసినట్టు బొమ్మ తిరగబడింది. ఇంకొకటి నొక్కి భద్రం చేశాడు. "గిట్లుండాలె. ఇగ అన్నం పెట్టు, షాపుల మనుషులున్నరు."

మంజులత అన్నం పెట్టింది. ఎందుకు ఊరుకుందని మీరు అడగొచ్చు, అడిగేవాళ్లకేం. ఒకసారి షాపులో నలుగురు రైతుల ముందర ఆయన ఏదో వైరు కలుపుతుంటే, "గది కాదు, పక్కది" అన్నదామె. ఆయన నవ్వి, పక్కదే కలిపాడు. ఆ సాయంత్రం ఆమె లాప్‌టాప్ తీసుకెళ్లి షాపు బీరువాలో పెట్టి తాళం వేశాడు. దసరా ముందు పెట్టింది, ఉగాది దాకా బయటికి రాలేదు. అన్ని నెలలూ ఆమెతో ఒక్క మాట లేదు. "మంచినీళ్లు పెట్టుమను అమ్మా" అని తల్లితో చెప్పేవాడు, మంజులత ఎదురుగా నిలబడి ఉండగానే. చెయ్యెత్తి కొట్టే మనిషి కాదు కృష్ణకాంత్, ఆ సంగతి అందరూ గొప్పగా చెప్పుకుంటారు. కొడితే కనీసం అమ్మకు చూపించడానికి ఒక దెబ్బయినా ఉండేదని ఆ రోజుల్లో ఆమె అనుకునేది. తను ఆ ఇంట్లో ఉందో లేదో తనకే అనుమానం వచ్చి, గిన్నెలు కావాలని చప్పుడయ్యేట్టు పెట్టి చూసుకునేది. మళ్లీ ఆ నెలల్లోకి పోవడానికి ఆమె ఒంట్లో శక్తి లేదు. అచ్చు పడ్డ పిండిముద్దను పిసికి, ఒత్తి, చపాతీ కాల్చింది. ఆయన దాన్ని పప్పుతో తిని, బాగుందన్నాడు.

బోర్డులు తయారై వచ్చాయి. ఆ రోజు మంజులత చాయ పట్టుకుని మెట్లు దిగుతుండగా కింద కృష్ణకాంత్ మొదటి డబ్బాను మోటరుకు బదులు ఒక బల్బుకు కట్టి చూస్తున్నాడు. స్టార్ట్ నొక్కితే బల్బు ఆరింది. స్టాప్ నొక్కితే వెలిగింది. ఇప్పుడైనా తెలుసుకుంటాడు, బోర్డులు పక్కన పెడతాడు అనుకుంది. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "ఓ, గింతేనా" అని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ప్రోగ్రామ్‌లో ఒక్క లైను తిప్పాడు, ఇవ్వాల్సిన హుకుం ఇవ్వకుండా, ఇవ్వకూడనప్పుడు ఇచ్చేటట్టు. స్టార్ట్ నొక్కాడు, వెలిగింది. స్టాప్ నొక్కాడు, ఆరింది. "చూసినవా? దునియల ప్రతిదానికి ఇలాజుంటది" అన్నాడు చాయ అందుకుంటూ.

మంజులతకు మాత్రం సంగతి అర్థమైంది. మంచి డబ్బా అంటే, రాత్రి కాపలావాడు నిద్రపోయినా తలుపు మూసే ఉండే ఇల్లు. ఇది కాపలావాడు కునుకు తీయగానే తలుపులు బార్లా తెరుచుకునే ఇల్లు. బోర్డు ప్రాణంతో ఉన్నంతసేపు అంతా బాగానే ఉంటుంది. పిడుగుకో, తడికో బోర్డు చచ్చిపోయిందనుకోండి, హుకుం ఇచ్చేవాడుండడు, లైట్లన్నీ ఆరిపోతాయి, సరిగ్గా అప్పుడే మోటరు వైర్లలోకి కరెంటు వెళ్తుంది. రైతు వచ్చి చూస్తే డబ్బా చీకటి. కరెంటు లేదనుకుంటాడు. చెయ్యి పెడతాడు.

ఆ పూట అన్నం దగ్గర ధైర్యం కూడదీసుకుని నోరు తెరిచింది. "ఇగో, జర వింటవా. బోర్డు ఖరాబైతే అప్పుడు మోటరు వైర్లల్ల..."

"నా బోర్డు ఎందుకు ఖరాబైతది?"

"ఒకవేళ అయితే అంటున్న."

"ఒకవేళ, ఒకవేళ. సొంత బోర్డు మొదలువెట్టంగనే ఒకవేళ అంటవా నువ్వు?" గొంతు పెరగలేదు. పెరగకపోవడమే భయం. కంచం నెమ్మదిగా పక్కకు జరిపాడు. "గీ మాట కింద వినవడ్డదో, మన పేరు మట్టిల కలుస్తది. సోచాయించు."

అరుణమ్మ గడప దగ్గరినుంచి అందుకుంది. "మొగోడు చేసిన పనికి వంక వెడ్తె ఇంట్ల లచ్చిమి నిలుస్తదా? నోరు జర అదుపుల వెట్టుకో పిల్లా." మంజులత నోరు అదుపులోనే ఉంది. ఎప్పుడు లేదు గనక?

డబ్బాలు అమ్ముడుపోసాగాయి. మొదట కొన్నవాళ్లలో హనుమమ్మ ఒకతె. కట్టంగూర్ అవతల బత్తాయి తోట, మొగుడు పోయాక ఒక్కతే చూసుకుంటోంది. చదువు రాదు. డబ్బాను నాలుగు వైపులా తిప్పి చూసి, కౌంటరు దగ్గర చాయగ్లాసులు తీస్తున్న మంజులతను అడిగింది, కృష్ణకాంత్‌ను కాదు.

"బిడ్డా, నాకు అక్షరాలు రావు. లైటే నాకు గుర్తు. పచ్చది వెలిగితే మోటరు నడుస్తాంది, ఎర్రది వెలిగితే ఆగింది. ఏదీ లేకపోతే కరెంటు పోయినట్టే గద?"

"అంతేనమ్మా, అంతే" అన్నాడు కృష్ణకాంత్.

హనుమమ్మ చూపు మంజులత మీదనే ఉంది. ఆయన చూపు కూడా. మంజులత తలూపింది.

ఆ తలూపుడు దగ్గర మొదలైంది భయం. అప్పటిదాకా ఆమెకు తెలిసిన భయాలు వేరు. పాలు పొంగుతాయేమో, ఆయన మొహం ముడుచుకుంటుందేమో, అత్త చుట్టాలకు ఏం చెబుతుందో అనే భయాలు. ఇది అట్లాంటిది కాదు. షాపులో ఫోను మోగితే చేతిలో పని వదిలి మెట్ల దగ్గరికొచ్చి చెవి పెట్టేది. హైవే మీద అంబులెన్సు పోతే, అది సూర్యాపేట దిక్కు పోతోందా, నల్లగొండ దవాఖాన దిక్కు పోతోందా అని డాబా అంచుకు పరుగెత్తి చూసేది. మబ్బు పడితే పిడుగు ఎటు పడుతుందోనని ఆకాశాన్నే చూసేది. ఇంట్లో స్విచ్చులు వేయడానికి కొంగు చుట్టుకునేది. కూరగాయలు తరుగుతూ హనుమమ్మ చేతులే తలుచుకునేది. చాయగ్లాసు అందుకున్నప్పుడు చూసింది ఆ చేతుల్ని, బత్తాయి ముళ్లు గీసుకున్న గీతలు, వేలికొక ఇత్తడి ఉంగరం. ఇత్తడి ఉంగరం ఉన్న చేతిని కరెంటు ఇంకా సులువుగా పట్టుకుంటుందా? ఈ ఆలోచనకు కత్తిపీట మీద వేలు తెగింది. ఎవరికి చెప్పాలి? బాపుకు చెబితే "అల్లుడు చదువుకున్నోడు బిడ్డా, నీకన్న ఎరుక" అంటాడు. హనుమమ్మకు ఫోను చేద్దామంటే నంబర్లన్నీ షాపు ఫోనులో, ఆ ఫోను ఆయన జేబులో. చెప్పిందే అనుకుందాం, ఆ తర్వాత? మళ్లీ లాప్‌టాప్ బీరువాలోకి, తను మళ్లీ ఆ మాటల్లేని నెలల్లోకి. ఈసారి బయటికి వస్తుందన్న నమ్మకమేమిటి? ఒక మనిషి ప్రాణం ఒకవైపు, తన లాప్‌టాప్ ఒకవైపు పెట్టి తూస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసేది. అసహ్యం వేసినా తూచడం ఆగేది కాదు. భయం అంత సిగ్గులేనిది.

కోడలు చిక్కిపోవడం అరుణమ్మ కంట పడింది. "పిల్లకేదో గాలి సోకింది" అని ఎల్లమ్మ గుడి దగ్గర తాయెత్తు కట్టించి, దిష్టి తీసింది. కడుతూ కడుతూ, గొంతు తగ్గించి, ఎన్నడూ అననిది ఒకటి అన్నది. "నేను గూడ నీ లెక్కనే భయపడుతుంటినే. మీ మామ చెప్పుల సప్పుడింటెనే ఉచ్చ వడేది. అలవాటైతది తీ." మంజులత ఆమె మొహంలోకి చూసింది. అలవాటైన భయం ఎట్లా ఉంటుందో ఆ మొహంలో కనబడింది. తాయెత్తు కంటే అదే ఆమెను ఎక్కువ వణికించింది.

ఆ మధ్యాహ్నం వాన ఉన్నట్టుండి కమ్ముకొచ్చింది. కృష్ణకాంత్ ఆలేరులో ఎవరికో డబ్బా చూపించడానికి మోటర్‌సైకిల్ మీద పోయాడు. షాపు ఫోను ఛార్జింగుకు పెట్టి మరిచిపోయాడు, ఎన్నడూ మరవని మనిషి. మంజులత నైటీ మీద తువ్వాల వేసుకుని డాబా మీద బట్టలు లాగుతోంది. కింద ఫోను మోగింది. బట్టలు చంకన పెట్టుకునే దిగింది.

"బిడ్డా, నేను హనుమమ్మను. పిడుగు వడ్డది ఇందాక. డబ్బల లైటు పోయింది. మోటరు కాడ వైరు ఎలుకలు కొరికినట్టున్నయ్, తెగి యాలాడుతాంది. కరెంటు లేదు గద, వచ్చేలోపట టేపు చుట్టుత..."

"పెద్దమ్మా! ముట్టకు! పెద్దమ్మా..."

అవతల గరగర శబ్దం. లైను తెగింది. మళ్లీ చేసింది. స్విచ్చాఫ్. మళ్లీ. స్విచ్చాఫ్.

"ఏందే గా అరుపు, రోడ్డు మీద జనం వింటున్నరు" అని అరుణమ్మ లోపలినుంచి వచ్చింది. మంజులత భర్త సొంత ఫోను నంబరు కొట్టింది. రెండుసార్లు తప్పు అంకె పడింది. ఆయన ఎత్తాడు. చెప్పింది. అవతల ఆలేరు స్టేషన్లో రైలు కూత వినబడింది, తర్వాత ఆయన గొంతు, నెమ్మదిగా.

"ఏం కాదు. నువ్వు యాడికి పోకు. రేపు నేను పోయి చూస్త."

"రేపటికి ఆమె..."

"చెప్తున్న గద. పోయినవో, ఏమన్న చెప్పినవో, ఇగ నీది నీకు, నాది నాకు." పెట్టేశాడు.

నీది నీకు, నాది నాకు. ఇన్నేళ్లుగా ఆమె భయపడ్డ మాట అదే, ఇప్పుడొచ్చేసింది. చిత్రమేమిటంటే, అది వచ్చి మీద పడ్డాక దాని బరువు చూసుకునే తీరిక ఆమెకు లేకపోయింది. హనుమమ్మ చెయ్యి కళ్లముందు ఉంది. చంకలో ఉన్న బట్టల్లోంచి చేతికొచ్చిన చుడీదారు లాగి, నైటీ విప్పి తొడుక్కుంది. షాపు ఫోనూ, టెస్టరూ తీసి బొడ్లో దోపుకుంది. సామాన్లు మోసే టీవీఎస్ బండి తాళం అందుకుంటుంటే అరుణమ్మ అడ్డంగా వచ్చింది.

"యాడికే? వాడొద్దన్నడు గద!"

"ముసలామె సచ్చిపోతది అత్తమ్మా."

అరుణమ్మ పక్కకు జరిగిందా, మంజులతే తప్పుకుని వెళ్లిందా అన్నది తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా ఆమెకు తెలియలేదు.

వాన మొహాన కొడుతోంది. బండి నడపడం దేవరకొండలో బాపు దగ్గర నేర్చుకున్నది, పెళ్లయ్యాక ముట్టనివ్వలేదు. మట్టిదారి జారుతోంది. నోరు ఆగకుండా ఏదో అంటోంది, మొక్కులో, తిట్లో ఆమెకే తెలియదు. తలూపకుండా ఉంటే ఏమయ్యేది? ఒక్క తల. కొంచెం ఇటు నుంచి అటు తిప్పితే చాలు కదా, కాదని చెప్పడానికి. ఎంత బరువుందని ఆ తల?

తోట మలుపులో బండి బురదలో దిగబడింది. పడేసి పరుగెత్తింది. కర్రకు బిగించిన డబ్బా చీకటిగా ఉంది. బోరు పక్కన తెగిన వైరు నీళ్లకు కాస్త పైన వేలాడుతోంది. దాని కింద బురదలో హనుమమ్మ చెప్పుల జత. మనిషి లేదు.

మంజులత అక్కడే కూలబడింది. అయిపోయింది, అనుకుంది. నేనే చంపిన.

"ఎవలు గది? మంజులనా?"

బత్తాయి చెట్ల చాటునుంచి హనుమమ్మ వస్తోంది. నెత్తిన యూరియా సంచి కప్పుకుంది, చేతిలో పొడుగాటి ఎండు కట్టె. మంజులత లేచి పోయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది, వేళ్లన్నీ ఉన్నాయా అని లెక్కపెడుతున్నట్టు తడిమింది, బావురుమని ఏడ్చింది.

"ఫోను నీళ్లల్ల వడ్డది బిడ్డా, నీ మాట సగమే ఇనవడ్డది. ఏందే, ఎందుకే గా ఏడుపు?"

మంజులత ముందు ఫ్యూజులు పీకాలనుకుంది. కానీ హనుమమ్మకు తెలియాలని, అంతకు ముందు టెస్టరు తీసి, చెయ్యి చాచి తెగిన వైరు కొసకు ఆనించింది. టెస్టరులో ఎర్రదీపం భగ్గున వెలిగింది. డబ్బాలో ఒక్క లైటు లేదు. హనుమమ్మ ఆ దీపాన్నీ, చీకటి డబ్బానూ మార్చి మార్చి చూసింది. మంజులత స్తంభం దగ్గరకు పోయి ఫ్యూజులు పీకింది. మళ్లీ ఆనించి చూసింది. ఈసారి వెలగలేదు.

"నువ్వు ముట్టలే" అన్నది మంజులత, ఇంకా నమ్మలేక. "లైటు ఆరితే కరెంటు పోయినట్టే అని చెప్పినం గద నీకు. ఎందుకు ముట్టలే?"

హనుమమ్మ సంచీ కొస నెత్తిమీదికి లాక్కుంది.

"చెప్పులిడిచి వంగిన. వైరు కాడికి చెయ్యి గూడ వెట్టిన. అప్పుడు నువ్వు యాదికొచ్చినవ్. ఆనాడు నీ తల ఊగింది గని బిడ్డా, నీ కండ్లు ఊగలే. గసొంటి కండ్లు నాకెరుకనే. మా ఆయన ముంగట నేను గూడ గట్లనే తలూపిన, బతికినన్నాళ్లు. ఏదో ఉన్నది, పిల్ల చెప్పలేకపోయింది అనుకుని, ఎండు కట్టె దేవులాడుకుంట పోయిన. ఇప్పుడు చెప్పు. సీదా చెప్పు."

మంజులత చెప్పింది. బత్తాయి చెట్టు కింద, వాన కారుతుండగా, హనుమమ్మ ఎడమచేతిని తన చేతిలో వెల్లకిలా పెట్టి, బొటనవేలు ఏ దిక్కున ఉందో చూపించింది. తర్వాత బోర్లా తిప్పి, ఇప్పుడు ఏ దిక్కుకు వచ్చిందో చూపించింది. "గింతే పెద్దమ్మా తేడా. వెల్లకిల గీసిన బొమ్మనే బోర్లకు గూడ గట్లనే పెట్టిండు. నేను సరిగనే గీసిన. ఉల్టా అన్నడు. ఊరుకున్న." హనుమమ్మ తన చేతిని తనే రెండుసార్లు తిప్పి చూసుకుంది.

"మరి గీ డబ్బలు ఇంకెంతమంది కొన్నరు? నా మాటినే మా దిక్కోళ్లు ఎంతమందో వెట్టిచ్చుకున్నరు గదనే!"

షాపు ఫోను మోగింది. కృష్ణకాంత్. ఆ పేరు చూస్తూ మంజులత రెండు మోతలు పోనిచ్చింది. పోలేదు భయం, ఎక్కడికి పోతుంది? ఎత్తింది.

"యాడున్నవ్? అమ్మ చెప్పింది. గామెకు ఏం జెప్పినవ్? చూడు, గామె పక్కన్నే ఉన్నదా? ఉంటే, లైటు ఆరితే కరెంటు పోయినట్టే, భయమేం లేదని చెప్పు. మిగతాది నేనొచ్చి చూసుకుంట."

మంజులత హనుమమ్మ కళ్లలోకి చూసింది.

"లైటు ఆరితే కరెంటున్నట్టే" అన్నది. "గీమెకు చెప్పిన. మిగిలినోళ్లందరికీ చెప్పవోతున్న. నంబర్లన్నీ గీ ఫోన్లనే ఉన్నయ్."

"ఉల్టా మాట్లాడుతున్నవా నాతోని?"

ఆ ప్రశ్నకు ఇన్నేళ్లలో ఆమె ఎన్నడూ అవునని చెప్పలేదు, కాదని చెప్పడానికే ఆమె బతుకు సగం అయిపోయింది. ఫోను పెట్టేసింది. అది తడవకుండా యూరియా సంచి కిందికి జరిపి, వరసగా ఒక్కొక్క నంబరుకు చేయడం మొదలుపెట్టింది. "అన్నా, కట్టంగూర్ షాపు నుంచి మాట్లాడుతున్న, కృష్ణకాంత్ భార్యను. కాదు, సారు లేడు, నేనే చెప్తున్న. మీ డబ్బల లైటు ఆరితే వైరు ముట్టకుండ్రి. స్తంభం కాడ ఫ్యూజులు పీకేదాక ముట్టకుండ్రి. ఆ, బోర్డుల తప్పున్నది. గీసింది నేనే, మల్ల సక్కగ గీసిచ్చేది గూడ నేనే." కొందరు తిట్టారు. కొందరు సారును పిలువుమన్నారు. కొన్ని ఫోన్లు ఎత్తలేదు.

"ఎత్తనోళ్ల పొలాలు నాకెరుక" అన్నది హనుమమ్మ. "పా, బండి మీద పోదాం."

"నాకు భయమైతాంది పెద్దమ్మా. ఇంటికెట్ల పోవాలె నేను?"

"భయమైతే భయపడుకుంటనే పోదాం తీ. ముందు గీ పొలాలు తిరుగుదాం, ఇల్లు తర్వాత." బురదలోంచి చెప్పులు లాగి తొడుక్కుని, మలుపు దాకా నడిచి, దిగబడ్డ బండిని బయటికి తోసి, ఎక్కబోతూ ఆగి, మంజులతను పైనుంచి కిందికి చూసింది. ఆ ముసలి మొహంలో నవ్వొచ్చింది. "అయ్యో బిడ్డా, అంగి ఉల్టా తొడిగినవ్ గదనే! కుట్లన్ని బయటికే ఉన్నయ్. గా చెట్టు సాటుకు పోయి సీదా చేసుకోరాదు, నలుగురి ముంగటికి పోవాలె."

మంజులత వంగి చూసుకుంది. దండెం మీదినుంచి లాగింది లాగినట్టే తొడిగింది. భుజం కాడ, పక్కల కాడ, తను చేత్తో వేసుకున్న కుట్లు, పోగులు, ముళ్లు అన్నీ పైకే ఉన్నాయి. బండి కిక్కు కొట్టింది.

"ఉండనీ పెద్దమ్మా, ఎక్కు. కుట్లు కనవడనీ."